తెల్లకార్డు చెప్పిన అర్హత

పేదలకు ఉచితంగా పెద్ద వైద్యం అందించే రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అదే నెలలో మా ఎల్బీనగర్ పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. ఊరు నగరమైనా రెవెన్యూ లెక్కల్లో ఎల్బీనగర్ ఉన్న సరూర్‌నగర్ మండలం రంగారెడ్డి జిల్లాలోనే ఉండిపోయింది కాబట్టి, 2007 డిసెంబరులో పథకం ఆ జిల్లాకు వచ్చినప్పుడే ఇక్కడి వారికి అందింది. హైదరాబాద్ జిల్లా వాళ్లు మాత్రం 2008 జులై దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు పెద్ద ఆపరేషన్ పడితే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని, డబ్బు వస్తుందో రాదో తెలియక ఎదురుచూడడమే. ఆరోగ్యశ్రీ అర్హతను పేదలకిచ్చే తెల్ల రేషన్ కార్డుకు ముడిపెట్టడంతో ఆ అనిశ్చితి చాలావరకు పోయింది. ‘మనకు వర్తిస్తుందా’ అన్న ప్రశ్నకు ఆసుపత్రిలో పథకం తరఫున సాయపడే ఆరోగ్యమిత్రను కలవకముందే, ఇంట్లో బీరువా తెరిస్తే జవాబు దొరికేది. ఆ పథకం చేసిన మేలులో చికిత్స ఖర్చు ఎంత ముఖ్యమో ఈ ముందస్తు భరోసా కూడా అంతే ముఖ్యమని నా అభిప్రాయం.

ఈ బియ్యం కార్డును వైద్యానికి కొలమానం చేస్తే అనర్హులు చొరబడతారని మొదటినుంచీ ఒక విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. తెల్లకార్డులు పేదల సంఖ్యను మించి ఉండేవన్నది అందరూ ఎరిగినదే. కానీ ఆదాయాన్నే కొలవాలంటే ఎలా? తెలంగాణ ఏర్పడ్డాక తెల్లకార్డు స్థానంలో వచ్చిన ఆహార భద్రత కార్డుకు పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర. భార్యాభర్తలు చెరో తొమ్మిది వేలు తెచ్చుకుంటే ఏడాదికి 2,16,000 అవుతుంది, గీత దాటుతుంది. అందులో ఒకరికి రెండు నెలలు పని దొరక్కపోతే మళ్లీ గీత లోపలికి వస్తారు. కొత్తపేటలో బండి మీద పండ్లమ్మే మనిషి ఈ లెక్కను తహసీల్దారుకు ఏ కాగితంతో రుజువు చేయాలి? నెలనెలా మారే సంపాదనకు రూపాయి రూపాయి లెక్క అడిగితే ముందు తప్పిపోయేది పేదవాడే. ఉదారంగా ఇచ్చిన కార్డు ఖజానాకు భారమైతే అయింది, జబ్బు మనిషిని గుమ్మం దగ్గర ఆపలేదు.

కార్డుకు ఉన్న అసలు లోపం వేరు. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాలతో పెరిగిన ప్రాంతం మా ఎల్బీనగర్. వాళ్లలో చాలామంది పేర్లు ఊళ్లో తల్లిదండ్రుల కార్డులోనే ఉండిపోయాయి. పెళ్లయ్యాక కార్డు విడగొట్టుకోవాలన్నా, పుట్టిన బిడ్డ పేరు ఎక్కించుకోవాలన్నా, రాష్ట్రం వచ్చాక 2021లో ఇచ్చినవి తప్ప, 2025 దాకా కొత్త కార్డుల జారీ నత్తనడకే. అర్హత ఉండీ కార్డు లేని వాళ్లకు ఆ ఏళ్లలో ముందుగా అంచనా వేసుకునే దారే మూసుకుపోయింది. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన మీద ఆధారపడడంతో అర్హత దారి ఇంకా ఇరుకైంది. ఆ గణన తర్వాత ఈ బస్తీలకు వచ్చి విడిగా కాపురం పెట్టిన వాళ్లకు ఆ జాబితాలో చోటెక్కడిది?

సర్కారు దవాఖానా దగ్గరలో ఉంటే కార్డు గొడవే ఉండదని కొందరి వాదన. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది, అది కావలసిందే. అయితే ఆసుపత్రి కట్టడానికి ఏళ్లు పడుతుంది, గుండెనొప్పి ఆగదు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు పరిమితిని 10 లక్షలకు పెంచినా, ఆ పెంపు కార్డున్న ఇంటికే చేరింది. 2024 అక్టోబరులో కేంద్రం డెబ్బై ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వర్తింపజేసింది. అక్కడ ఆధార్‌లో ఉన్న వయసు చాలు, ఎవరి అర్హత వాళ్లే ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. డెబ్బై లోపు వాళ్లకు కూడా అంత తేలికైన కొలమానం కావాలంటే, కార్డు చేతికి రాకపోయినా దరఖాస్తు రసీదును తాత్కాలిక అర్హతగా ఒప్పుకుని, ఆదాయ విచారణను చికిత్స తర్వాతికి వాయిదా వేయాలి.