కారులో దారి చూపు యంత్రము – దాని పూర్వచరిత్ర

పట్టణములనుండి పండుగలకు వచ్చు మన పిల్లల కారులలో, చోదకుని యెదుట, అరచేతియంత పలక యొకటి వెలుగుచుండుటను మీరు చూచియే యుందురు. కుడివైపునకు తిరుగుమనియు, నేరుగా పొమ్మనియు అది పలుకుచుండును. ఊరి పొలిమేర చేరిన పిదప ఆ పలకయే తడబడి చెరువుగట్టు మీదికి పొమ్మని చెప్పుటయు కొందరు చూచియుందురు. ఆకాశముననున్న ఉపగ్రహముల సాయముతో మన చోటును కొలది గజముల తేడాలో చెప్పగల యంత్రము గట్టును బాటయని యేల భ్రమించును? అట్టి యంత్రమును కొనదలచినవారు ముందుగా ఈ ప్రశ్న వేసికొనుట మంచిది. జవాబు దాని చరిత్రలోనే యున్నది.

ఆ పలకలో రెండు విద్యలు కలిసియున్నవి. నేనెక్కడ నున్నానని తెలిసికొనుట యొకటి. అచ్చటినుండి దారి యెటు పోవునని తెలిసికొనుట రెండవది. ఇవి వేర్వేరు ఇండ్లలో పుట్టి పెరిగినవి.

మొదటిదాని పుట్టుక చిత్రమైనది. 1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యావారు స్పుట్నిక్కును ఆకాశమున కెక్కించిరి. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలయందు గయర్, వైఫెన్‌బాక్ అను ఇరువురు దాని కూతను వినిరి. రైలు మనవైపు వచ్చునపుడు కూత హెచ్చుశ్రుతిలోను, దాటిపోవునపుడు తగ్గుశ్రుతిలోను వినబడును గదా! ఆ భేదమును లెక్కగట్టి వారు ఉపగ్రహము పోవు మార్గమును కనుగొనిరి. 1958లో వారి పై యధికారి మెక్‌క్లూర్ ఆ లెక్కను తిరుగవేయవచ్చునని గ్రహించెను. మన చోటు తెలిసి ఉపగ్రహపు మార్గమును కనుగొన్నట్లే, ఉపగ్రహపు మార్గము తెలిసినచో మన చోటును కనుగొనవచ్చును. దీనినుండి ట్రాన్సిట్ అను ఏర్పాటు పుట్టినది. అది జలాంతర్గాముల కొఱకు. ఒక్కొక్క లెక్కకు చాల నిమిషములు పట్టుటచే ఓడలకు చాలినది గాని కారులకు పనికిరాలేదు.

నేటి జి. పి. ఎస్. తొలి ఉపగ్రహము 1978 ఫిబ్రవరిలో లేచినది. ఈ ఉపగ్రహములు ఇంచుమించు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, తమలోని పరమాణు గడియారముల ననుసరించి వేళను చాటుచుండును. ఆ వార్త మన యంత్రమునకు చేరుట కెంత కాలము పట్టెనో దానిని బట్టి దూరము తెలియును. నాలుగు ఉపగ్రహముల వార్త లందినచో మన చోటు తేలును. సెకనులో పదిలక్షవ వంతు తప్పినను 300 మీటర్ల తేడా వచ్చును. కావున ఇది యంతయు గడియారముల విద్యయే. ఇందులో బాటల ప్రసక్తి లేనేలేదు.

అది సైన్యముల సొత్తు. 1983 సెప్టెంబరు 1వ తేదీన దక్షిణ కొరియా ప్రయాణికుల విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనమున ప్రవేశింపగా, దానిని కూల్చివేసిరి. 269 మంది మరణించిరి. అంతట అధ్యక్షుడు రీగన్, ఈ యేర్పాటు పూర్తియైనపుడు దానిని సామాన్యుల కుచితముగా నిత్తుమని ప్రకటించెను. ఇచ్చిరి గాని బుద్ధిపూర్వకముగా కొంత తప్పు కలిపి యిచ్చిరి. నూరు మీటర్ల వరకు తేడా! ప్రక్కప్రక్కన పోవు రెండు బాటలలో మన మెందున్నామో చెప్పలేని తేడా. విచిత్రమేమనగా, 1991 నాటి గల్ఫు యుద్ధమునకు సైన్యపు యంత్రములు చాలక, సిపాయిలు బజారులోని చేతియంత్రములనే వాడవలసివచ్చినది. అప్పుడా తప్పును ప్రభుత్వమే కొంతకాలము నిలిపివేసెను. అధ్యక్షుడు క్లింటన్ దానిని 2000 మే నెల ఆరంభమున పూర్తిగా తొలగించెను. కారులలో ఈ యంత్రము ప్రబలుట ఆ పిదపనే.

రెండవ విద్య ఉపగ్రహముల ప్రమేయము లేకయే కారులోని కెక్కినది. 1985లో కాలిఫోర్నియాలో స్టాన్ హనీ యను నావికుని సంస్థ ఎటాక్ అను యంత్రమును అమ్మసాగెను. ఆ పేరు పసిఫిక్ ద్వీపముల నావికులది. అది చక్రముల తిరుగుడును లెక్కించి, దిక్సూచి చూచి, క్యాసెట్టులోని బాటల పటముతో పోల్చుకొనుచు పోయెడిది. ఒక మహానగర ప్రాంతమునకే పలు క్యాసెట్లు కావలసియుండెను. శ్రమ యంతయు పటములోనే యున్నదని నాడే తేలినది.

మన దేశమున పటముల సంగతి వేరు. సర్వే శాఖ 1767లో స్థాపింపబడినది. 1802లో లాంబ్టన్ దొర అరటన్ను బరువు యంత్రముతో మద్రాసునుండి కొలత మొదలిడెను. ఇంత పురాతనమైన విద్య యుండియు, సూక్ష్మమైన పటములు చిరకాలము ప్రభుత్వపు అనుమతుల చాటుననే యుండెను. ఆ కట్టుబాట్లు దేశీయ సంస్థలకు 2021 ఫిబ్రవరిలో గాని సడలలేదు. మన పుంతలు, డొంకలు పటములో సరిగా లేకపోవుటకు ఇదియు నొక కారణమని నా యభిప్రాయము.

ఇక కొనువారి సంగతి. చేతిలో పట్టు తొలి యంత్రము 1989లో సుమారు 3,000 డాలర్లకు అమ్ముడుపోయినది; చోటును అంకెలలో చెప్పెడిది, పటము లేదు. అడవులలో నడచువారి చేతియంత్రములు నేటికిని గట్టివే గాని, వాని అద్దము చిన్నది, కారునకు చాలదు. కారునకై చేసినదానిలో పటము లోపలనే యుండును. కాని దానిని మరల మరల క్రొత్తది చేసికొనవలెను. 2009 తరువాత సెల్ ఫోనే ఈ పని యుచితముగా చేయుచుండుటచే తక్కినవాని అమ్మకము పడిపోయినది. ఫోనునకు తీగలేని సంకేత మందని చోటను ఉపగ్రహపు వార్త అందును, పటము మాత్రము రాదు. కావున బయలుదేరుటకు ముందే పటమును ఫోనులో దాచుకొనవలెను. ఏ యంత్రమైనను ముందరి అద్దము దగ్గర నుంచవలెను. రేకు కప్పు క్రింద వార్త సరిగా నందదు.

2024 నవంబరులో ఉత్తర ప్రదేశమున బరేలీ ప్రాంతమందు కారొకటి ఇట్టి యంత్రము చూపిన దారిని పోయి, వరదలకు తెగిన వంతెన మీదినుండి రామగంగలో పడినది. మువ్వురు మరణించిరి. ఉపగ్రహములు తప్పు చెప్పలేదు. కారున్న చోటు సరియే. వంతెన తెగినదను మాట పటములోని కెక్కలేదు, రోడ్డు మీద అడ్డును లేదు.

మన శ్రీహరికోటనుండి 2013 జులై 1వ తేదీన స్వదేశపు దారిచూపు ఉపగ్రహములలో మొదటిది లేచినది. 2016లో ఆ యేర్పాటునకు నావిక్ అని పేరిడిరి. విదేశపు గడియారములు కొన్ని చెడిపోగా, 2023 మే 29న ఎగిరిన ఉపగ్రహములో మనవారు చేసిన పరమాణు గడియారమును అమర్చిరి. మొదటి విద్యలో మన కెవరి దయయు నక్కరలేని దినములు వచ్చుచున్నవి.

ఏ యంత్రము కొనవలెనని మా మేనల్లుడు నన్నడిగినపుడు, అంగడిలో పైకము చెల్లించుటకు ముందు మన యూరి పేరు అందులో వ్రాసి చూడుమంటిని. క్రొత్త వంతెన అందున్నదా? కాలువ అవతలి డొంకను తారురోడ్డుగా చూపుచున్నదా? వానకాలమున మునుగు కాజువే దాటి పొమ్మనుచున్నదా? ఇవి చూచుకొని, తరువాత వెల అడుగుమంటిని.