ఇంధన ధరల పెరుగుదల – శునక పోషణ, శునక క్రీడలు: భిలాయ్ మరోదా ఉదాహరణ

పెట్రోలు, డీజిలు ధరలు పెరిగినప్పుడు కుక్కను పెంచుకునే కుటుంబంపై భారం రెండు మార్గాల్లో పడుతుంది. మొదటిది పరోక్షం: ఆహారం, మందులు, ఇతర సామగ్రి రవాణా ఖర్చు క్రమంగా వాటి ధరల్లో కలుస్తుంది. రెండవది ప్రత్యక్షం: పశువైద్యశాలకు, శిక్షణ మైదానానికి, ప్రదర్శనలకు, పోటీలకు చేసే ప్రతి ప్రయాణానికీ అదనంగా చెల్లించాల్సి వస్తుంది. పోటీలు తరచుగా జరిగే మహానగరాల వారికి ఈ రెండవ భారం స్వల్పం. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయ్ వంటి చోట్ల అదే ప్రధానం. శునక క్రీడల్లో ఎవరు కొనసాగగలరో, ఎవరు తప్పుకోవాలో అక్కడ చాలావరకు దూరమే నిర్ణయిస్తుంది.

మరోదా నేపథ్యం

మరోదా దుర్గ్ జిల్లాలో, భిలాయ్ ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌కు చెందిన ప్రాంతం. కర్మాగారానికి నీరందించే మరోదా జలాశయం, భారత్–సోవియట్ మైత్రికి గుర్తుగా 1972లో ఏర్పాటైన మైత్రీ బాగ్ జంతు ప్రదర్శనశాల ఇక్కడే ఉన్నాయి. దుర్గ్ నుంచి దల్లీ రాజహరా వెళ్లే రైలు మార్గంలో మరోదా ఒక స్టేషన్. సోవియట్ సహకారంతో నిర్మించిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలతో భిలాయ్‌లో గణనీయమైన తెలుగు సమాజం ఏర్పడింది. ఈ కుటుంబాల్లో చాలావాటికి విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలతో రాకపోకలు నేటికీ ఉన్నాయి.

పశువైద్యం విషయంలో ఈ ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. దుర్గ్ సమీపంలోని అంజోరాలో ప్రభుత్వ పశువైద్య కళాశాల ఉంది. పోటీల విషయంలో మాత్రం పరిస్థితి భిన్నం. రాయ్‌పూర్ సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, నాగ్‌పూర్ 250 కిలోమీటర్లు, విశాఖపట్నం 550 కిలోమీటర్లు, నాగ్‌పూర్ మీదుగా హైదరాబాద్ 750 కిలోమీటర్ల వరకు ఉంటాయి.

ధర ఎలా మారుతుంది

దేశానికి అవసరమైన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి అవుతోంది. అందువల్ల అంతర్జాతీయ ధర, రూపాయి మారకపు విలువ, కేంద్ర ఎక్సైజ్ సుంకం, రాష్ట్ర విలువ ఆధారిత పన్ను కలిసి బంకు వద్ద ధరను నిర్ణయిస్తాయి. పెట్రోలుపై ప్రభుత్వ ధరల నియంత్రణ 2010 జూన్‌లోను, డీజిలుపై 2014 అక్టోబరులోను తొలగిపోయింది. ఏరోజుకారోజు ధర మార్చే పద్ధతిని 2017 మే 1న విశాఖపట్నం సహా ఐదు నగరాల్లో ప్రయోగాత్మకంగా ప్రారంభించి, అదే ఏడాది జూన్ 16 నుంచి దేశమంతటా అమలు చేశారు. పెట్రోలు, డీజిలు జీఎస్టీ పరిధిలోకి రాలేదు కనుక ధర రాష్ట్రానికో తీరుగా ఉంటుంది.

పెరుగుదల ఎంత వేగంగా రాగలదో 2022 చూపింది. ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో ఆ ఏడాది మార్చిలో బ్రెంట్ ముడిచమురు బ్యారెల్ ధర 130 డాలర్లు దాటింది. మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 వరకు, పదహారు రోజుల్లో ఢిల్లీలో లీటరు పెట్రోలు ధర 10 రూపాయలు పెరిగి 105.41 రూపాయలకు చేరింది. మే 21న కేంద్రం లీటరు పెట్రోలుపై 8 రూపాయలు, డీజిలుపై 6 రూపాయల ఎక్సైజ్ సుంకం తగ్గించాకే కొంత ఉపశమనం లభించింది.

పోషణ ఖర్చుపై ప్రభావం

పొట్లాల్లో అమ్మే పొడి ఆహారం కర్మాగారం నుంచి గిడ్డంగికి, అక్కడి నుంచి దుకాణానికి లారీల్లోనే చేరుతుంది. దీనికితోడు 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పుడు కుక్కల, పిల్లుల ప్యాకెట్ ఆహారాన్ని 18 శాతం శ్లాబులో చేర్చారు. రవాణా వల్ల మూలధర పెరిగితే దానిపై పన్ను మొత్తం కూడా పెరుగుతుంది. ఇంట్లో అన్నం, గుడ్లు, కోడిమాంసం వండి పెట్టేవారు కూడా ఈ ప్రభావానికి అతీతులు కారు. కోళ్ల దాణాలో ప్రధానమైన మొక్కజొన్న, సోయా కూడా లారీల్లోనే కోళ్ల ఫారాలకు చేరుతాయి. అయితే ఈ పెరుగుదల నెమ్మదిగా వస్తుంది. ధర తక్కువ ఉన్న సరుకుకు మారడం ద్వారా కొంత సర్దుకోవచ్చు. ప్రయాణానికి అటువంటి వెసులుబాటు లేదు.

శునక క్రీడలకు ప్రయాణం ఎందుకు తప్పదు

శునక పోటీలు ప్రధానంగా రెండు రకాలు. జాతి లక్షణాలను పరిశీలించే ప్రదర్శనలు మొదటి రకం. భారత్‌లో వీటిని చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా గుర్తింపుతో హైదరాబాద్ కెనైన్ క్లబ్ వంటి సంస్థలు నిర్వహిస్తాయి. పని సామర్థ్యాన్ని పరీక్షించే క్రీడలు రెండవ రకం. అవరోధాలను దాటుతూ పరుగెత్తే అజిలిటీని తొలిసారి 1978లో బ్రిటన్‌లోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో చూపారు. ఐజీపీ పరీక్షలో వాసన జాడ పట్టడం, విధేయత, రక్షణ అనే మూడు విభాగాలుంటాయి.

ప్రదర్శనల్లో ఛాంపియన్ బిరుదు ఒక్క గెలుపుతో రాదు. వేర్వేరు న్యాయనిర్ణేతల నుంచి ఛాలెంజ్ సర్టిఫికెట్లు పొందాలి. అంటే పలు ప్రదర్శనలకు, ఆచరణలో పలు నగరాలకు వెళ్లాలి. పైగా ఎండల కారణంగా ప్రదర్శనలు ఎక్కువగా శీతకాలంలోనే జరుగుతాయి. ఫలితంగా ఏడాది ప్రయాణాలన్నీ కొద్ది నెలల్లోనే చేయాల్సి వస్తుంది. సరిగ్గా ఆ నెలల్లో ధర పెరిగితే, తగ్గేవరకు వేచి ఉండే అవకాశం ఉండదు.

ఒక ఉదాహరణ చూస్తే ఈ లెక్క స్పష్టమవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో మరోదా నుంచి నాగ్‌పూర్‌కు వెళ్లి రావడానికి సుమారు 33 లీటర్లు, విశాఖపట్నానికి 73 లీటర్లు, హైదరాబాద్‌కు 100 లీటర్లు అవసరం. మూడింటికీ కలిపి 206 లీటర్లు. లీటరుకు 10 రూపాయలు పెరిగితే ఒక్క సీజనులో అదనపు భారం 2,000 రూపాయలు దాటుతుంది. టోల్, బస, ప్రవేశ రుసుము దీనికి అదనం. హైదరాబాద్‌లోనే నివసించే పోటీదారుకు అక్కడి ప్రదర్శన విషయంలో ఈ 100 లీటర్ల ఖర్చే లేదు. కుక్కల నాణ్యత సమానమైనా అవకాశం సమానం కాదనడానికి ఇదే కారణం.

రైలు ప్రత్యామ్నాయమేనా

కారు ఖర్చు పెరిగితే రైలు ఎక్కాలన్న సలహా మనుషులకు సరిపోయినంతగా కుక్కలకు సరిపోదు. రైల్వే నిబంధనల ప్రకారం ఏసీ మొదటి తరగతిలో కూపే లేదా క్యాబిన్ మొత్తాన్ని రిజర్వు చేసుకున్నవారు కుక్కను తమతో తీసుకువెళ్లవచ్చు. లేదా పార్సిల్ కార్యాలయంలో బుక్ చేసి, గార్డు బోగీలోని కుక్కల పెట్టెలో పంపాలి. ఏసీ రెండు, మూడు తరగతుల్లోను, స్లీపర్, చైర్ కార్, సాధారణ బోగీల్లోను అనుమతి లేదు.

దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ రైలు 2024 సెప్టెంబరు 16న ప్రారంభమైంది. భిలాయ్ తెలుగువారికి ఇది ఎంతో సౌకర్యం. కానీ అందులో ఉన్నవన్నీ చైర్ కార్ బోగీలే. కుక్కతో ప్రయాణించేవారికి ఆ రైలు అందుబాటులో లేనట్లే. నిర్మాణంలో ఉన్న 464 కిలోమీటర్ల రాయ్‌పూర్–విశాఖపట్నం ఆరు వరుసల రహదారి పూర్తయితే దూరం, కాలం తగ్గి ఇంధనం కొంత ఆదా కావచ్చు.

గతానుభవం

ఇంధన కొరత శునక క్రీడల రూపాన్నే మార్చిన సందర్భం చరిత్రలో ఉంది. బ్రిటన్‌లో 1939 సెప్టెంబరులో మొదలైన పెట్రోలు రేషన్ 1950 మే వరకు కొనసాగింది. యుద్ధకాలంలో పెద్ద ప్రదర్శనలు నిలిచిపోగా, నిర్ణీత వ్యాసార్థంలో నివసించేవారికే పరిమితమైన స్థానిక ప్రదర్శనలను అక్కడి కెన్నెల్ క్లబ్ అనుమతించింది. ఇటీవలి కాలంలో, 2020లో కొవిడ్ సమయాన అమెరికన్ కెన్నెల్ క్లబ్ వీడియో ఆధారంగా కొన్ని పరీక్షలకు అర్హత కల్పించింది. ప్రయాణం తగ్గినా క్రీడ ఆగనవసరం లేదని రెండు అనుభవాలూ చూపుతున్నాయి.

చిన్న పట్టణాలకు ఈ పాఠం ఉపయోగకరం. విధేయత, జాడ పట్టడం వంటి విభాగాల సాధనకు కావలసింది బహిరంగ స్థలం, క్రమశిక్షణ. ఖరీదైన సామగ్రి కాదు. ఒకే ప్రాంతం వారు ఒక వాహనంలో వెళ్లడం, ఒకే వేదికపై వరుస రోజుల్లో జరిగే ప్రదర్శనలను ఎంచుకోవడం, శిక్షకుడినే పట్టణానికి రప్పించి ఖర్చు పంచుకోవడం లీటర్ల లెక్కను నేరుగా తగ్గిస్తాయి.

తగ్గించకూడనివి

ఇంధన పొదుపులో మూడు అంశాల వద్ద ఆగవలసి ఉంటుంది. మొదటిది టీకా. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ప్రతి సందర్భంలోను ప్రాణాంతకం. ఏటా వేయించవలసిన టీకాను ప్రయాణ ఖర్చు కారణంగా వాయిదా వేస్తే ప్రమాదం కుక్కతో ఆగదు, ఇంటిల్లిపాదికీ, వీధికీ విస్తరిస్తుంది. ఇరుగుపొరుగు కలిసి ఒకే రోజు వైద్యుని వద్దకు వెళ్లినా, వైద్యుని కాలనీకే పిలిపించినా ఖర్చు తగ్గుతుంది.

రెండవది వాహనంలో చల్లదనం. కుక్క మనిషిలా చర్మమంతటా చెమట పట్టించి ఒంటి వేడిని తగ్గించుకోలేదు; ప్రధానంగా రొప్పడం ద్వారానే చల్లబడుతుంది. ఛత్తీస్‌గఢ్ వేసవిలో ఏసీ ఆపి సుదూరం తీసుకువెళ్లడం, ఆపి ఉంచిన కారులో కుక్కను వదిలివెళ్లడం వడదెబ్బకు దారితీస్తాయి. పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టి మూతి జాతులకు ముప్పు మరింత అధికం. తెల్లవారుజామున బయలుదేరడం, ఆ ప్రయాణాన్నే మానుకోవడం రెండూ ఇంతకంటే మేలైన పొదుపు మార్గాలు.

మూడవది బాధ్యత. భారం పెరిగిందని పెంపుడు జంతువును బాధకు గురయ్యే స్థితిలో వదిలివేయడం జంతుహింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం నేరం. తొలి నేరానికి ఆ చట్టం నిర్దేశించిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. అంటే గరిష్ఠ జరిమానా నేడు లీటరు పెట్రోలు ధరకంటే తక్కువ. అందువల్ల పెంపుడు కుక్కకు రక్షణ చట్టం కంటే యజమాని ముందుచూపులోనే ఎక్కువగా ఉంది. పెద్ద జాతి కుక్కను ఇంటికి తెచ్చుకునేవారు కొనుగోలు ధరతోపాటు పదేళ్లకు పైగా సాగే ఆహారం, వైద్యం, ప్రయాణాల ఖర్చును ముందే అంచనా వేసుకోవాలి. వాయిదా పడిన పోటీ మరుసటి ఏడాదీ ఉంటుంది. వాయిదా వేసిన టీకా విషయంలో అటువంటి భరోసా లేదు.