కరివేప క్రింద కోడిపెట్ట

రాజుల దానములకు రాతిశాసనములున్నవి. పెరటికి అట్టివి లేవు. కొల్లిపర ప్రాంతమున నూతిగట్టు ప్రక్కన కరివేప, దాని చెంత నిమ్మ, దడిమీద బీర, పొట్లపాదులు, మూలనొక మునగ, నీడలో బోర్లించిన కోళ్లగంప: ఇంటి చరిత్ర చదువగోరువారికి ఇదియే శాసనము. ఆచారము అడ్డువచ్చిన ఇండ్లలో గంప ఉండెడిది కాదు గాని, కరివేప లేని పెరడు మాత్రము అరుదు.

ఈ పెరటివారందరును ఒక్కనాడు వచ్చినవారు కారు. కరివేప, మునగ ఈ దేశపువే. మిరప, బొప్పాయి, బంతి అమెరికా ఖండపు మొక్కలు. 1498 లో వాస్కోడగామా కళ్లికోటలో దిగిన తరువాతనే సముద్రము దాటి మనకు చేరినవి. కోడి కథ ఇంకను ప్రాచీనము. నిస్సంశయముగా పెంపుడు కోళ్లవని చెప్పదగిన ఎముకలలో మొదటివి థాయిలాండులోని బాన్ నాన్ వట్ అనుచోట దొరికినవనియు, అవి క్రీ.పూ. 1650–1250 నడిమి కాలపువనియు 2022 లో పరిశోధకులు ప్రకటించిరి. వరి, చిరుధాన్యములు పండుచోటికి గింజలకై దిగివచ్చిన అడవికోడి మనిషికి మచ్చికైనదని వారి వాదము. 1855 లో కృష్ణ ఆనకట్ట పూర్తియై, కాలువల క్రింద వరి విస్తరించిన ఈ సీమలో నూకలకు, తవుడుకు కొదవయేమి? కోడికి ఇంతకంటె అనువైన చోటేది?

సీతాకోకచిలుకను మాత్రము ఎవరును తెచ్చి పెంచలేదు. నిమ్మ, కరివేప ఒకే కుటుంబపు మొక్కలు. వానిపై గ్రుడ్లు పెట్టు రెండు జాతులకు స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758 లో డెమోలియస్, పోలిటీస్ అని పేర్లు పెట్టెను. పురాణగాథలలో డెమోలియస్ గ్రీకు యోధుడు. పోలిటీస్ ట్రాయి రాజు ప్రయాము కుమారుడు. అచ్చట శత్రువులు, మన పెరటిలో ఒకే రెబ్బను పంచుకొనుచున్నారు! పిల్లపురుగు మొదట పిట్టరెట్టవలె కనబడును, పెరిగి పచ్చనగును, ముట్టినచో తలవెనుకనుండి చీలిన కొమ్మొకటి చాచి ఘాటైన వాసన వదలును.

కోడికి ఆ పురుగు మేతయే. మరి రెండును ఒక పెరటిలో ఎట్లు బ్రదికినవి? కరివేప ఎదిగి కొమ్మలు తలపైకి పోయినవి, నిమ్మకు ముండ్లున్నవి. కోడి నేలను గెలికి చెదలు, పురుగులు, కలుపుగింజలు ఏరుకొనును. వాని ఒప్పందమంతయు ఆ ఎత్తులోనే ఉన్నది. తోటకూరమడికి మాత్రము ముండ్లకంప అడ్డుపెట్టక తప్పదు. కోడి కాలుపెట్టిన లేతమడి మరి లేవదు. ముదిరిన తోటకూర, మునగాకు దానికే వేయవచ్చును. బంతిపూవుపై సీతాకోకచిలుక తేనెకై వ్రాలును. అదే పూరేకులు మేతలో కలిపినచో గ్రుడ్డుసొనకు రంగు వచ్చును.

ఆ ఒప్పందమును చెరిపినది పురుగుమందు. డి.డి.టి. కీటకములను చంపునని 1939 లో పాల్ ముల్లర్ కనుగొని, 1948 లో నోబెల్ బహుమానము నందెను. రేచల్ కార్సన్ 1962 లో ‘సైలెంట్ స్ప్రింగ్’ అను గ్రంథమున దాని చేటును లోకమునకు చాటెను. అయినను మన దేశమున వ్యవసాయమునకు దానిని నిషేధించుటకు 1989 వరకు పట్టినది. ఎండోసల్ఫానుపై సుప్రీంకోర్టు ఆదేశము వచ్చునప్పటికి 2011. మందుల అవశేషములకై ఐరోపా దేశములు మన కరివేపాకును ప్రత్యేకముగా తనిఖీ చేసినవనిన, తల వంచుకొనవలసిన మాట.

పొలమునకు తెచ్చి మిగిలిన మందును కరివేపకు చల్లుట నాకు బొత్తిగా మింగుడుపడదు. నాలుగు రెబ్బలు పురుగు తిన్నవని చల్లినది చారులోనికి వచ్చును. క్రింద గెలుకు కోడి కడుపులోనికి, గ్రుడ్డులోనికి పోవును. తిన్న రెబ్బను త్రుంచివేసిన సరిపోవును గదా! కొల్లిపర మండలములోనే, అత్తోటలో, దేశవాళి వరి విత్తనములను కాపాడుకొనుచు రసాయనములు లేక సేద్యము చేయు రైతులున్నారు. పొలములో సాధ్యమైనది పెరటిలో కాకపోవునా?

వానలు పడగనే నిమ్మ లేతచిగురు తొడుగును. ఆడ సీతాకోకచిలుక ముంగాళ్లతో ఆకును తట్టి, రుచి చూచి, ముత్యమంత గ్రుడ్డొకటి పెట్టి మరియొక రెమ్మకు పోవును. మూడు నాలుగు దినములలో అది పగులును.