బండి యాక్సిలరేటర్ మెల్లగా వెనక్కి వస్తోందా? పొలానికి బయల్దేరే ముందే చూసుకోండి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు రైతుకు కాడెద్దుల కంటే బండితోనే ఎక్కువ పని. విత్తనాల మూట, యూరియా బస్తా, స్ప్రేయరు, పాల క్యాను, గడ్డిమోపు అన్నీ దాని మీదే. బ్రేకు చెడితే వెంటనే మెకానిక్ దగ్గరకు పరుగెడతాం. యాక్సిలరేటర్ పిడి వదిలాక అది మెల్లగా వెనక్కి వస్తుంటే మాత్రం "చేత్తో తిప్పుకుంటే సరిపోతుంది లెండి" అంటూ నెలల తరబడి నడిపేస్తాం.

నేనూ అలా నడిపినవాణ్ణే. ఒక తొలకరి రోజున కాలువ గట్టు మీద మలుపు దగ్గర పిడి వదిలాను, బండి జోరు తగ్గలేదు. క్లచ్ పట్టేసరికి ముందు చక్రం గట్టు దిగి ఒక రైతు నారుమడిలో ఉంది. నాకు మోకాలు చెక్కుకుపోయింది, ఆయనకు నారు పోయింది. ఆ పిడి మూడు వారాలుగా మొరాయిస్తోందని నాకు ముందే తెలుసు.

కాబట్టి మొదట ఇది గుర్తుంచుకోండి. నడుస్తుండగా యాక్సిలరేటర్ పట్టేస్తే పిడిని గట్టిగా ముందుకు తిప్పి మూయండి. దాంతోపాటే క్లచ్ నొక్కి, రెండు బ్రేకులూ వేయండి. ఇంజిన్ ఆపే ఎర్ర స్విచ్ ఉంటే అది నొక్కండి. చాలా 100 సీసీ బళ్ళకు ఆ స్విచ్ ఉండదు, అప్పుడు తాళం ఆఫ్ చేయాలి. కంగారులో తాళాన్ని హ్యాండిల్ లాక్ దాకా తిప్పేయకండి. టీవీఎస్ ఎక్సెల్ నడిపేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దానికి క్లచ్ లివర్ లేదు, ఇంజిన్ జోరు పెరిగితే క్లచ్ తనంతట తానే పట్టుకుంటుంది. స్విచ్ గాని తాళం గాని ఆపి బ్రేకు వేయడమే దారి.

ఇంట్లోనే రెండు నిమిషాల్లో పరీక్ష

ఇంజిన్ ఆపి, బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టండి. పిడిని పూర్తిగా తిప్పి ఒక్కసారి వదిలేయండి. టక్కున తన చోటికి వచ్చేయాలి. ఇదే పరీక్ష హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి చేయండి. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు బాగానే వచ్చి, తిప్పినప్పుడు పట్టేస్తుంటే కేబుల్ ఎక్కడో నలుగుతున్నట్టే.

తర్వాత పిడికి కొంచెం ఖాళీ ఆట ఉందో లేదో చూడండి. ఇంజిన్ జోరు పెరగకుండా పిడి అంచు 2 నుంచి 6 మిల్లీమీటర్లు, అంటే సుమారు కందిగింజంత, తిరగాలి. ఇప్పుడు బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, పిడి ముట్టుకోకుండా హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పండి. ఇంజిన్ శబ్దం పెరిగిందంటే కేబుల్ లాగుకుంటోంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పిడి టక్కున వచ్చేసినా ఇంజిన్ శబ్దం మాత్రం మెల్లగా తగ్గుతోందా? అయితే తప్పు పిడిది కాకపోవచ్చు. ఐడిల్ స్క్రూ ఎక్కువ బిగించి ఉండొచ్చు, చోక్ పూర్తిగా మూసుకోకపోవచ్చు, కార్బరేటరుకూ ఇంజినుకూ మధ్యనున్న రబ్బరు పగిలి గాలి పీలుస్తుండవచ్చు. అలాంటప్పుడు కేబుల్ మార్చినా డబ్బు దండగే.

పైన, మధ్యన, కింద

పిడే మెల్లగా వస్తుంటే తప్పు మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. పిడి దగ్గరున్న స్విచ్ పెట్టె స్క్రూలు విప్పి కేబుల్ కొనను పిడి నుంచి తప్పించండి. ఇప్పుడు పిడిని ఒంటిగా తిప్పి చూడండి. అప్పుడూ బిగుతుగానే ఉంటే జబ్బు పైనే ఉంది. బండి ఒకసారి పడితే పిడి రబ్బరు లోపలికి జరిగి స్విచ్ పెట్టెను ఒరుసుకుంటుంది, లేదా హ్యాండిల్ కొన వంగి పట్టేస్తుంది. చెమటకని వేసుకునే స్పాంజి తొడుగులు కూడా అంతే. మందు పిచికారీ చేసిన చేతులు, యూరియా పొడి, దమ్ము బురద, వీటన్నిటి పొర పిడి లోపల పేరుకుపోతుంది. పిడిని పూర్తిగా లాగి, హ్యాండిల్ గొట్టాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. గ్రీజు పూస్తే కంటికి కనపడీ కనపడనంత పూయండి. ఎక్కువైతే దుమ్మును అదే పట్టి ఉంచుతుంది.

పిడి తేలిగ్గా తిరిగితే కేబుల్ చూడాలి. మన దగ్గర ఎక్కువగా పాడయ్యేది ఇదే. ఎక్సెల్ ముందు ఖాళీలో రెండు బస్తాలు పేర్చినప్పుడు పై బస్తా కేబుళ్ళను నొక్కేస్తుంది. హ్యాండిలుకు సంచి తగిలించినా, వదులుగా ఉన్న కేబుళ్ళన్నిటినీ కలిపి గోగునార తాడుతో కట్టేసినా అదే ఇబ్బంది. కట్టు విప్పి, కంపెనీ పెట్టిన కొక్కేల గుండానే, మెలిక లేకుండా కేబుల్‌ను పోనివ్వండి. ఉద్దానం, కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలికి కేబుల్ లోపలి తీగ త్వరగా తుప్పు పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ లాంటి తుపాను వచ్చి బండి నీళ్ళలో నానితే, తర్వాత స్టార్ట్ అయింది కదా అని ఊరుకోకండి, కేబుల్ కూడా చూడండి.

తీగ పోగులు తెగకుండా ఉంటే నూనె పెట్టి చూడవచ్చు. కింది కొనను కూడా కార్బరేటరు నుంచి తప్పించాలి, లేకపోతే మురికి నూనె లోపలికి దిగుతుంది. పై కొన చుట్టూ చిన్న ప్లాస్టిక్ కవరును గరాటులా కట్టి, పల్చటి కుట్టుమిషను నూనె పోసి, రాత్రంతా వేలాడదీయండి. కింది నుంచి శుభ్రమైన నూనె కారేదాకా ఉంచాలి. కొబ్బరినూనె మాత్రం వద్దు. ఉద్దానంలో ఇంటింటా ఉంటుంది కాబట్టి పోసేస్తుంటారు, పుష్యమాసం చలికి తెల్లవారేసరికి అది కేబుల్లోనే గడ్డకడుతుంది. వంటనూనె జిగురవుతుంది. ఇంజిన్ నుంచి తీసిన నల్ల నూనెలో మసి, ఇనుప రజను ఉంటాయి.

ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చేయండి. తెగిన పోగు ముల్లులా నిలబడి, ఏదో ఒకరోజు పిడిని తెరిచిన చోటే పట్టి ఉంచుతుంది. చాలా బళ్ళకు కొత్త కేబుల్ ఒక యూరియా బస్తా డబ్బుల్లో వచ్చేస్తుంది. ట్యూబు ముక్క కట్టి పిడిని వెనక్కి లాగించే ఏర్పాట్లు కూడా చూశాను. అది మరమ్మతు కాదు.

పిడి, కేబుల్ రెండూ బాగుంటే మిగిలింది కార్బరేటరే. అందులో పైకీ కిందికీ కదిలే స్లైడ్ ఉంటుంది, దాన్ని కిందికి తోసేది ఒక స్ప్రింగు. నూర్పుల రోజుల్లో వరి దుమ్ము, మొక్కజొన్న పొట్టు గాలి ఫిల్టరును దాటితే స్లైడ్ పట్టేస్తుంది. నెలల తరబడి వాడని బండిలో పెట్రోలు జిగురుగా మారి కూడా పడుతుంది. అలవాటున్నవాళ్ళు ట్యాంకు కాక్ మూసి, దగ్గర బీడీ గాని దీపం గాని లేకుండా చూసుకుని, పై మూత విప్పి స్లైడ్ తీసి, మెత్తటి గుడ్డకు పెట్రోలు తడిపి తుడవవచ్చు. గరుకు కాగితం తగలనివ్వకండి. తిరిగి పెట్టేటప్పుడు స్లైడు గాడి లోపలి పిన్నుకు సరిగ్గా కూర్చోవాలి. తప్పుగా బలవంతంగా దింపితే స్టార్ట్ చేయగానే ఇంజిన్ పూర్తి జోరు అందుకుంటుంది. అలవాటు లేకపోతే ఈ పని మెకానిక్‌కే వదిలేయండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్ళలో చాలా వాటికి కార్బరేటరు బదులు పెట్రోలు చిమ్మే ఇంజక్షన్ పద్ధతి ఉంది. వాటికి పిడి, కేబుల్ వరకే మనం చూసుకోవాలి. కింది భాగంలో సెన్సరు ఉంటుంది, సర్వీసు సెంటరులోనే విప్పించండి.

పవర్ టిల్లరుకూ, గడ్డి కోసే బ్రష్ కట్టరుకూ కూడా ఇలాంటి కేబులే ఉంటుంది. బ్రష్ కట్టరు ట్రిగ్గరు వదిలాక కూడా బ్లేడు జోరుగా తిరుగుతూ ఉంటే, కేబుల్ సరిచేసేదాకా దాన్ని పొలానికి తీసుకెళ్ళకండి.

అన్నీ బిగించాక ఇంజిన్ ఆపి ఉండగానే మళ్ళీ మూడు వైపులా పిడి తిప్పి వదలండి. మూడుసార్లూ టక్కున వచ్చాకే స్టార్ట్ చేయండి. మొదటిసారి బస్తాలు లేకుండా, ఇంటి ముందు వీధిలోనే ఒక చుట్టు తిరిగి రండి.