కీళ్ల కదలిక



ఇరుసునకు కందెన పెట్టక బండి తోలు రైతు మన పల్లెలలో నుండడు. వానకాలమంతయు పాకలో కదలక పడియున్న బండికి ఒక్కసారిగా బరువెత్తి తోలినచో నేమగునో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మన దేహమందలి కీళ్లకును ఈ న్యాయమే వర్తించును. ఈ యెఱుక వైద్యశాస్త్రమున నెట్లు పుట్టి, నడుమ నెట్లు వివాదమున బడి, తుద కెట్లు స్థిరపడెనో నేడు మనవి చేసెదను.

సుశ్రుతసంహితయందలి శారీరస్థానము మానవదేహమున 210 సంధులు కలవని చెప్పుచున్నది. వానిలో కాలుచేతులు, దవడలు, నడుము మున్నగు చోట్ల నున్నవి కదలునవి, తక్కినవి స్థిరములు. చంకమూలమందలి కీలును, గజ్జయందలి కీలును ఆచార్యుడు ఱోటితో పోల్చెను. చమురు పెట్టిన యిరుసుపై చక్రము చక్కగా తిరుగునట్లు, శ్లేష్మముచే తడుపబడిన సంధులు చక్కగా పనిచేయునని యాతని మతము.

నేటి శాస్త్రము దీనికి కారణమును చూపినది. కీలులో ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలులోని జిగురుద్రవమే దానికి ఆహారము. కీలు కదలి, ఒత్తిడి పడుచు వదలుచు నున్నప్పుడే ఆ ద్రవము దానిలోని కింకుచు వెలువడుచు నుండును. కదలిక మానిన కీలునకు ఆ పోషణము తగ్గును. చుట్టునున్న పొర బిగుసుకొనును.

విఱిగిన చేతికి సుశ్రుతుడు చెప్పిన క్రమము మిక్కిలి గమనింపదగినది. కట్టు కట్టి అతికిన పిమ్మట రోగి మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పుగడ్డను, చేతికి బలము వచ్చిన వెనుక ఱాతిని పట్టవలెను. విశ్రాంతి ముందు, కదలిక తరువాత, బరువు కడపట!

ఐరోపాలో 19వ శతాబ్దమున ఈ విషయమై గొప్ప వాదము చెలరేగెను. లివర్పూలు పట్టణమున హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) అను వైద్యుడు, చెడిన కీలునకు సంపూర్ణమును, దీర్ఘమునైన విశ్రాంతియే మందనెను. పారిసునందు ల్యూకా షాంపియోనియేర్ (1843–1913) దానికి మాఱుగా, విఱిగిన యవయవమునైనను త్వరలోనే మెల్లగా కదల్పవలెననెను. థామసు కల్పించిన కాలిబద్ద మొదటి ప్రపంచయుద్ధమున తొడయెముకలు విఱిగిన సైనికుల నెందఱినో బ్రతికించినది. కావున ఆయన వ్యర్థుడు కాడు. అయినను కీళ్ల విషయమున కాలము రెండవవాని వైపే మొగ్గినది. కెనడాదేశపు టొరంటోనగరమున రాబర్ట్ సాల్టర్ అను శస్త్రవైద్యుడు 1970 మొదలుకొని, గాయపడిన కీలును మెల్లగా ఎడతెగక కదల్చుటయే మేలను మార్గమును బోధించి, కుందేళ్లపై పరీక్షించి చూపెను.

ఇక్కడ పెద్ద లొక యాక్షేపణ చేయవచ్చును: "వృద్ధులకు వ్యాయామము కూడదని వాగ్భటుడు నిషేధించెను గదా?" నిజమే. కాని దేహమునకు ఆయాసము పుట్టించు పనికే వ్యాయామమని శాస్త్రమున పేరు. దేహమును మిక్కిలి పీడింపని నడక ఆయువును, బలమును, మేధను, జఠరాగ్నిని ఇచ్చునని సుశ్రుతుడు ప్రత్యేకముగ శ్లాఘించెను. నిత్యము అభ్యంగము చేయుమని వాగ్భటుడే విధించెను. నిషేధము శ్రమకే గాని కదలికకు గాదు.

ముదిమిలో ఆపద లెచ్చట పొంచియుండునో చూడుడు. చీలమండ బిగిసినవాని పాదము తగినంత పైకి లేవక గడప తగులును. తుంటికీలు వంగనివాడు బిందె నెత్తునప్పుడు ఆ భారమంతయు నడుముపై బడును. ఒక కీలు మానిన పనిని ప్రక్కకీలు మోయవలసివచ్చును. దెబ్బ దానికే తగులును. ముసలితనమున పడి తొడమూలము విఱిగినవారిలో పలువురు మరల మునుపటివలె నడువలేకున్నారు.

కావున ప్రతిదినమును మెడను, భుజములను, మణికట్లను, తుంటిని, మోకాళ్లను, చీలమండలను నొప్పి పుట్టనంత మేర మెల్లగా త్రిప్పుడు. ఊపిరి బరువెక్కకముందే నిలుపుడు. కీలు వాచి వేడెక్కినను, పడి ఎముక విఱిగెనను సందేహము కలిగినను కదల్పక వైద్యునికి చూపుడు. అరుగుమీద ప్రొద్దుటినుండి సాయంకాలము దాక కూర్చుండుట పెద్దఱికమునకు గుర్తు గాదు. గుడిదాకనో చెఱువుగట్టుదాకనో నడచి రండు. మనుమలు మీ చేయి పట్టుకొని వెంట వత్తురు.