డార్జిలింగ్ కొండదారుల్లో బరువు మోసిందెవరు?

ఎండలు ముదిరాయంటే చాలు, మన ఫోన్ల నిండా కొండల రీల్సే. పొగమంచు, చేతిలో వేడి టీ కప్పు, వీపున బ్యాగు, వెనకాల ఏదో పాట. చూస్తుంటే మనకీ వెళ్ళాలనిపిస్తుంది. తప్పేం లేదు, వెళ్ళాలి కూడా. ఈ ఎపిసోడ్‌లో మనం వెళ్ళేది డార్జిలింగ్. అయితే ఇది "చూడాల్సిన పది స్పాట్లు" లాంటి వీడియో కాదు. ఆ ఊరి చుట్టూ ఉన్న నడక దారుల చరిత్ర చెప్పుకుందాం. సరదాగా కొండెక్కడం అక్కడ ఎలా మొదలైంది? ఆ సరదా తాలూకు మూటలు ఎవరి వీపు మీద ఉన్నాయి?

ముందు ఊరి సంగతి. డార్జిలింగ్ సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఒక కొండ గట్టు మీద ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటే ఉత్తరాన కాంచనజంగ కనిపిస్తుంది. 8,586 మీటర్లు, ప్రపంచంలో మూడో ఎత్తైన శిఖరం. ఊరికి ఆ పేరు 'దోర్జె లింగ్' నుంచి వచ్చింది. పిడుగు ఉండే చోటు అని అర్థం. ఇప్పుడు మహాకాల్ గుడి ఉన్న కొండ మీద ఒకప్పుడు ఆ పేరుతో బౌద్ధ మఠం ఉండేది.

1835లో ఈస్టిండియా కంపెనీ ఈ కొండను సిక్కిం రాజు దగ్గర్నుంచి తీసుకుంది. ఎందుకు? కింద బెంగాల్ ఎండలకీ, జ్వరాలకీ తట్టుకోలేక, తమ సైనికులు, అధికారులు వచ్చి కోలుకోవడానికి ఒక చల్లటి చోటు కావాలని. అప్పుడక్కడ ఉన్నది ఓ వంద మంది అంటారు. 1849 నాటికి దాదాపు 10,000 మంది అయ్యారు. ఈ పెరిగిన జనం విశ్రాంతికి వచ్చిన దొరలు కాదండీ. రోడ్లు వేయడానికి, అడవి కొట్టడానికి, ఆ తర్వాత టీ తోటల్లో పని చేయడానికి వచ్చినవాళ్ళు. ఎక్కువమంది నేపాల్ వైపు నుంచి వచ్చారు. అంటే కొందరు సెలవు గడపడానికి వచ్చిన ఊరికి, చాలామంది కూలి కోసం వచ్చారు. డార్జిలింగ్ చరిత్ర మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. జోసెఫ్ డాల్టన్ హుకర్ అని పేరున్న వృక్ష శాస్త్రవేత్త. 1848లో డార్జిలింగ్ వచ్చాడు. ఆ ఏడాది మే నెలలో టోంగ్లూ అనే కొండ ఎక్కాడు. ఈ రోజు సందక్‌ఫూ ట్రెక్‌కి వెళ్ళేవాళ్ళు దాటే టోంగ్లూ అదే. రోడోడెండ్రాన్ పూల గురించి ఆయన చేసిన పుస్తకం యూరప్‌లో ఎంత పేరు తెచ్చిందంటే, అక్కడి తోటల్లో ఆ చెట్లు పెంచడం ఒక మోజు అయిపోయింది. మంచిదే, గొప్ప శాస్త్రవేత్త. కానీ అదే ఏడాది చివర్లో ఆయన నేపాల్ వైపు ప్రయాణం కట్టినప్పుడు వెంట ఎంతమంది ఉన్నారో తెలుసా? యాభై మందికి పైనే. గుడారాలు, తిండి, కాగితాలు, మొక్కల కట్టలు మోయడానికి, దారి చూపించడానికి, కాపలాకి. హుకర్ పేరు కొన్ని పూల జాతులకి ఉంది. ఆ యాభై మందిలో ఎక్కువమంది పేర్లు మనకి తెలియవు.

ఆ మోత ఎలా ఉండేదంటే, అక్కడ 'డోకో' అని వెదురు బుట్ట ఉంటుంది. దాన్ని వీపున పెట్టుకుని, 'నామ్లో' అనే పట్టీని నుదుటికి తగిలిస్తారు. బరువంతా మెడ మీద, నుదుటి మీద పడుతుంది. ఆ కొండల్లో ఇప్పటికీ డోకోతో బరువులు మోసేవాళ్ళు కనిపిస్తారు. మనం రెండు నీళ్ళ సీసాలు, ఒక పవర్ బ్యాంక్ పెట్టుకుని "బ్యాగు బరువుగా ఉంది" అనుకునే దారులివే.

ఇక అసలు కథకి వద్దాం. ఎవరెస్ట్. 1921లో బ్రిటిష్ వాళ్ళు మొదటి ఎవరెస్ట్ యాత్ర మొదలుపెట్టింది డార్జిలింగ్ నుంచే. అప్పట్లో నేపాల్ విదేశీయుల్ని రానిచ్చేది కాదు. కాబట్టి డార్జిలింగ్‌లో మనుషుల్ని మాట్లాడుకుని, సిక్కిం మీదుగా టిబెట్‌లోకి వెళ్ళి, ఉత్తరం వైపు నుంచి ఎక్కాలి. ఆ మాట్లాడుకున్న మనుషుల్లో షెర్పాలు ముఖ్యులు. ఎవరెస్ట్ కింద సోలుఖుంబు ప్రాంతం నుంచి పని వెతుక్కుంటూ డార్జిలింగ్ వచ్చి, తుంగ్ సుంగ్ బస్తీ లాంటి చోట్ల కాపురాలు పెట్టుకున్నవాళ్ళు. ఒక మాట గమనించాలి. వాళ్ళ ఊళ్ళలో పెద్ద శిఖరాలు ఎక్కే అలవాటే లేదు. అవి దేవతలుండే చోట్లు. ఎక్కడం వాళ్ళకి సరదా కాదు, కూలి.

1922, జూన్ 7. రెండో యాత్ర. అప్పటికే రెండు ప్రయత్నాలు అయిపోయాయి. వానాకాలం మంచు కొత్తగా పడి ఉంది. అయినా మూడోసారి బయల్దేరారు. నార్త్ కోల్ కింద వాలులో హిమపాతం జారింది. ఏడుగురు కూలీలు చనిపోయారు. బ్రిటిష్ వాళ్ళలో ఒక్కరు కూడా పోలేదు. ఆ రోజు అక్కడే ఉన్న డాక్టర్ హోవర్డ్ సోమర్‌వెల్‌ని ఇది చాలా బాధ పెట్టింది. ఆ చావులో మాలో ఒక్కరైనా ఎందుకు లేరు అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ఆయన ఆ తర్వాత తిరువాన్కూరులోని నెయ్యూర్ ఆసుపత్రిలో చేరి దశాబ్దాల పాటు పేదలకి వైద్యం చేశాడు. ఎవరెస్ట్ చరిత్ర చెప్పేటప్పుడు చాలామంది మాలరీ దగ్గర ఆగిపోతారు. నాకైతే ఆ ఏడుగురు, సోమర్‌వెల్ వేసుకున్న ఆ ప్రశ్న ఎక్కువ గుర్తుండిపోతాయి.

1934లో జర్మన్ల నంగా పర్వత్ యాత్రకీ డార్జిలింగ్ నుంచి షెర్పాలు వెళ్ళారు. తుఫానులో చిక్కుకుని ముగ్గురు జర్మన్లు, ఆరుగురు షెర్పాలు చనిపోయారు. వాళ్ళలో గైలే అనే షెర్పా, నడవలేని స్థితిలో ఉన్న నాయకుడు విలీ మెర్కల్‌ని వదలకుండా ఆయన దగ్గరే ఉండిపోయాడు. ఇద్దరూ కిందికి రాలేదు. ఆంగ్ త్సెరింగ్ ఒక్కడే ఎలాగో దిగి వచ్చి ఆ సంగతి చెప్పాడు. ఇలాంటి మనిషిని కూలీ అని ఒక్క మాటతో ఎలా సరిపెడతాం?

ఇప్పుడు టెన్జింగ్ నార్గే. 1930ల మొదట్లో కుర్రాడిగా డార్జిలింగ్ చేరాడు. 1935లో ఎరిక్ షిప్టన్ యాత్రకి మనుషుల్ని ఎంచుకుంటున్నప్పుడు ఇతని దగ్గర పాత యాత్రల సర్టిఫికెట్ ఒక్కటీ లేదు. అయినా చివర్లో తీసుకున్నారు. అలా మూటలు మోస్తూ మొదలుపెట్టి, ఏడో ప్రయత్నంలో, 1953 మే 29న, ఎడ్మండ్ హిల్లరీతో కలిసి ఎవరెస్ట్ పైన నిలబడ్డాడు.

అందరికీ తెలిసిన కథ ఇక్కడితో అయిపోతుంది. నా దృష్టిలో అసలు మలుపు ఆ తర్వాతే. 1954 నవంబర్ 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. నెహ్రూ పూనుకుని పెట్టించారు. మేజర్ నందు జయాల్ మొదటి ప్రిన్సిపాల్. బయట నేర్పించే శిక్షణకి డైరెక్టర్ టెన్జింగ్. ఆయనతో పాటు పని చేసిన బోధకులూ షెర్పాలే. అర్థమైందా ఏం జరిగిందో? నిన్నటిదాకా వెనకాల మూట మోసిన మనిషి, ఇప్పుడు ముందు నిలబడి పాఠం చెబుతున్నాడు. అదే ఊరు, అదే దారులు. తాడు ఎలా కట్టాలో, మంచు మీద కాలు ఎలా వేయాలో ఆయన చెబితే ఆర్మీ ఆఫీసర్లు, కాలేజీ పిల్లలు నేర్చుకున్నారు. 1986లో టెన్జింగ్ చనిపోతే అంత్యక్రియలు కూడా ఆ ఆవరణలోనే జరిగాయి.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాలంటే జూ గేటులోంచే వెళ్ళాలి. ఆ జూ పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. పద్మజా నాయుడు మన హైదరాబాద్‌లో పుట్టినావిడే, సరోజినీ నాయుడు గారి కూతురు. 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా ఉన్నారు. ఎర్ర పాండాలు, మంచు చిరుతలు ఉన్న ఆ జూకి తర్వాత ఆమె పేరు పెట్టారు.

మనకి ఇంకా దగ్గరి సంబంధం ఒకటుంది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. తను సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. భువనగిరి కొండ మీద రాళ్ళెక్కడం నేర్చుకుని, అక్కణ్ణుంచి డార్జిలింగ్‌లోని ఈ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ళ 11 నెలలు. తనతో పాటు ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఒక కూలీ తన విద్యని బడిగా మార్చకపోతే, అరవై ఏళ్ళ తర్వాత ఇంకో కూలీ ఇంటి పిల్లకి ఆ తలుపు తెరిచి ఉండేదా? ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఈ ప్రశ్నే.

సరే, ఇప్పుడు మీరు వెళ్తే? మొదటి రోజు చౌరస్తా నుంచి మహాకాల్ కొండ చుట్టూ నడవండి, ఊరు అర్థమవుతుంది. కాస్త ఓపిక ఉంటే మానేభంజంగ్ నుంచి సందక్‌ఫూ. 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు. దారి సింగాలీలా గట్టు మీదుగా, నేపాల్ సరిహద్దుని ఒరుసుకుంటూ పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్ పూస్తుంది. అక్టోబర్, నవంబర్‌లో ఆకాశం తేటగా ఉంటుంది. అదృష్టం బాగుంటే పైనుంచి ఎవరెస్ట్, కాంచనజంగ, లోట్సే, మకాలూ నాలుగూ కనిపిస్తాయి.

ఆ పార్కులో గైడ్ తప్పనిసరి. చాలామంది దీన్ని అదనపు ఖర్చు అనుకుని బేరం మొదలుపెడతారు. మీరలా చేయకండి. మీ ముందు నడిచే ఆ అన్న ఏ కుటుంబం నుంచి వచ్చాడో అడగండి. వాళ్ళ తాత ఏ యాత్రలో మూట మోశాడో ఎవరికి తెలుసు! మీ బ్యాగు మీరు మోసుకోగలిగినంతే సర్దుకోండి. వేరేవాళ్ళతో మోయిస్తే అడిగిన కూలి ఇవ్వండి, పేరు గుర్తుపెట్టుకోండి. పైకెక్కాక రీల్ పెడతారు కదా, ఆ పేరు కూడా అందులో పెట్టండి. హుకర్ కాలంలో ఆ పేర్లు రాసే చోటు లేదేమో, మీ చేతిలో ఫోన్ ఉంది.

మీ ఊరి దగ్గర కొండకి కూడా ఇలాంటి కథ ఉంటే కామెంట్లలో రాయండి.