రామప్ప గుడి: చోటుకు తగిన పదార్థం

విద్యార్థులారా, ఇంజనీరింగులో పదార్థాల ఎంపిక అనగానే మీకు ఉక్కు, కాంక్రీటు గుర్తుకు వస్తాయి. ఈ సమస్య అంతకంటే చాలా పాతది. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడినే తీసుకోండి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీన్ని కట్టించినట్లు 1213 నాటి శాసనం తెలుపుతోంది. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గోడలకు ఇసుకరాయి వాడారు. చూరు కింద వాలుగా నిలిచిన మదనికలను మాత్రం నల్లని డోలరైటుతో చెక్కారు. ఆ రాతి రేణువులు సన్నవి. అందుకే సన్నని నగలు కూడా స్పష్టంగా తేలాయి, నునుపూ వచ్చింది. మరి గుడి మొత్తం డోలరైటుతోనే ఎందుకు కట్టలేదు? అది బరువైనది, చెక్కడం కష్టం. గోడకు ఆ నునుపు అవసరమూ లేదు.

అసలు చిక్కు గర్భగుడిపై లేచే విమానంతో వచ్చింది. 1010లో పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయ విమానం గ్రానైటుదే. ఎత్తు 60 మీటర్లకు పైనే. ఆ బరువు మోయడానికి కింద మందమైన జంట గోడలు కట్టవలసి వచ్చింది. పాలంపేట శిల్పులు అసలు బరువునే తగ్గించారు. విమానానికి నీటిపై తేలే ఇటుకలు వాడారు. ఇందులో మహిమ ఏమీ లేదు. మట్టిలో పొట్టు వంటిది కలిపి కాలిస్తే, అది మాడిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఘనపు మీటరు మామూలు ఇటుక సుమారు 1,800 కిలోలు తూగుతుంది. నీరు 1,000 కిలోలు. తేలే ఇటుక అంతకంటే తక్కువే తూగాలి కదా! అంటే భారం దాదాపు సగమైంది.

పునాదిలో ఇసుక నింపారు. పక్కలకు జారకుండా కట్టడి చేసిన ఇసుక భారాన్ని సమంగా పంచుతుంది, బంకమట్టిలా తడికి ఉబ్బదు. అయితే అది చోటు కదలకూడదు. నేడు మండపంలో నేల ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. భూకంపం వల్ల అలా అయిందని కొందరంటారు.

ఇప్పుడు మీరే మరమ్మతు ఇంజనీరు అనుకోండి. విమానంలో ఇటుకలు రాలాయి. బజారు ఇటుకలు గట్టివే, చవకే. వాటిని పెడితే ఆ మేర బరువు రెట్టింపవుతుంది. కొత్తగా తేలే ఇటుకలు కాల్పిస్తే, వాటి రంధ్రాలు వాననీటిని పీల్చి బరువెక్కుతాయి. కాబట్టి ఇటుక ఎంచుకోకముందే పైనుంచి నీరు ఎక్కడ దిగుతోందో వెతకాలి.